అడగందే ఇవ్వని కృపాకర్ సారు

కృపాకర్ సారుకు ఉన్నది ఒకటే జబ్బు. ఈ లోకంలో ఏ వస్తువునూ ఎవరూ నేరుగా ముట్టుకోకూడదు. కావలసింది అడిగి తీసుకోవాలి, పెట్టేది చెప్పి పెట్టాలి. అది కంప్యూటర్ ప్రోగ్రామైనా సరే, మిరపకాయ బజ్జీ అయినా సరే. ఈ జబ్బుకు మందు లేదు. ఆయన భార్య బేబీ గారు ఇరవై ఆరేళ్లు వెతికి, ఇక నా వల్ల కాదని వదిలేశారు.

పాతబస్తీ పత్తర్‌గట్టిలో ఒక గాజుల దుకాణం మీద, రెండో అంతస్తులో శ్రీహరిరావు గారి సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది. ఆఫీసంటే అద్దాల మేడ అనుకునేరు. నాలుగు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, ఆ ఫ్యాను రెగ్యులేటర్ కిందే కుర్చీ వేసుకుని కృపాకర్ సారు. చుట్టుపక్కల దుకాణాలకు ప్రోగ్రాములు రాసివ్వడం వాళ్ల పని. ఛత్రినాక నుంచి వచ్చి కొత్తగా చేరిన సుజన, మొదటి రోజే ఉక్కపోతకు తట్టుకోలేక లేచి రెగ్యులేటర్ మీద చెయ్యి వేసింది.

"ఎవరినడిగినవ్?"

సుజన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఫ్యాన్ జర పెంచుదామని సార్..."

"ఎంత కావాల్నో చెప్పు. నేను పెడ్త."

"అయిదు సార్."

"పొద్దటి సంది నాలుగుసార్లు తుమ్మినవ్. మూడు చాలు."

మూడు మీద పెట్టి ఆయన మళ్లీ తెరవైపు తిరిగిపోయారు. ఇదెక్కడి మనిషిరా నాయనా అనుకుంటూ సుజన కూచుంది. సాయంత్రానికి తుమ్ములు తగ్గిన మాట నిజమే కానీ, ఆ సంగతి ఆమె గమనించలేదు. కోపంలో ఉన్న మనిషికి తుమ్ములు లెక్కపెట్టుకునే తీరిక ఎక్కడిది?

మధ్యాహ్నం ఇంకో లొల్లి. అందరూ డబ్బాలు విప్పారు. సారు డబ్బాలో పల్లీల పొడి పెట్టి వేయించిన మిరపకాయ బజ్జీలు. పాతబస్తీలో పుట్టి పెరిగిన పిల్ల, మిరపకాయ కనిపిస్తే చెయ్యి ఆగుతుందా? చెయ్యి డబ్బా దాకా వెళ్లింది. మూత టప్పున పడింది.

"అడుగు."

"సార్, ఒకటి తీసుకోనా?"

"నువ్వు తీస్కునుడు కాదు. నువ్వు అడుగు, నేను ఇస్త. పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఏం తినలే సార్. బస్సు పోతదని ఉరికొచ్చిన."

"అట్లయితే బజ్జీ లేదు. ఖాళీ కడుపుల కారం పడితే మంటలేస్తది. ఇగో, రొట్టె తిను. రొట్టె తిన్నంక మళ్ల అడుగు."

సుజన రెండు రొట్టెలు తిని మళ్లీ అడిగింది. అప్పుడు చెంచాతో తీసి, ఒకటి కాదు, మూడు బజ్జీలు వేశారు. ఇంత రుచి గల బజ్జీల కోసం ఇంత దరఖాస్తు పెట్టుకోవాలా అని ఆమెకు ఒళ్లు మండింది.

ఒకరోజు సారు డబ్బా ఇంట్లో మరిచిపోతే బేబీ గారు పట్టుకొచ్చారు. సుజన మొహం చూడగానే ఆమెకు సంగతి అర్థమైపోయింది. "ఏం బిడ్డా, నిన్ను గూడ అడగమంటున్నడా? మా పెండ్లప్పుడు చర్చిల పాస్టరు గారు ఉంగరం తొడుగు నాయనా అన్నరు. ఈయన తొడగలే. నా దిక్కు చూసి, 'పెట్టనా?' అని అడిగిండు. చర్చంత ఒక్కటే నవ్వు. నేను సిగ్గుతోని తలకాయ దించుకున్న. దించుకుంటే ఒప్పుకున్నట్టు గాదంట. 'నోటితోని చెప్తె పెడ్త' అని నిలబడ్డడు. పాస్టరు గారు గడియారం చూసుకున్నరు."

"మరి చెప్పిన్రా?"

"చెప్పకపోతే ఇప్పటికీ ఆడనే ఉందుము!"

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. సుజనకు నవ్వు రాకపోవడానికి కారణం వేరే ఉంది. ఆమెను ఆరు నెలల పరీక్ష మీద తీసుకున్నారు. ఆరు నెలలయ్యాక ఉద్యోగం ఖాయం చేస్తారు, లేదా నమస్కారం పెడతారు. అంతకుముందు మూడేళ్లు మదీనా దగ్గర బట్టల కొట్లో బిల్లు కౌంటర్ మీద నిలబడి, సాయంత్రాలు ప్రోగ్రామింగ్ నేర్చుకున్న పిల్ల ఆమె. నమస్కారం పెడితే మళ్లీ ఆ కౌంటరే. "కూసోని చేసే పని దొరికింది నా బిడ్డకు" అని తల్లి చంద్రమ్మ బస్తీ అంతా చెప్పేసింది. ఖాయం చేసేది శ్రీహరిరావు గారే కానీ, ఆమె పని చూసేది కృపాకర్ సారు. ఆ సారుకు ఆమె రాసిన ఏ ప్రోగ్రామూ నచ్చదు.

ఎందుకు నచ్చదో చెప్పాలంటే ఆ విద్యలోని చిన్న కిటుకు ఒకటి చెప్పుకోవాలి, భయపడకండి. ప్రోగ్రాములో ఒక్కో వివరానికి ఒక్కో పెట్టె ఉంటుంది. పేరుకొకటి, ఫోను నంబరుకొకటి, ఛాతీ కొలతకొకటి. పెట్టెలో ఉన్నది తీసి ఇచ్చే నౌకరును గెట్టర్ అంటారు, తెచ్చింది పెట్టెలో పెట్టే నౌకరును సెట్టర్ అంటారు. ఒకప్పుడు ఈ ఇద్దరినీ చేత్తో, పది లైన్లు రాసి పుట్టించాలి. ఇప్పటి భాషలు దయగలవి. ఒక్క లైను రాస్తే చాలు, నౌకర్లిద్దరినీ అవే చాటుగా పుట్టించుకుంటాయి. కాకపోతే అలా పుట్టినవాళ్లు మాట్లాడరు, ప్రశ్నించరు. ఇచ్చింది పెట్టెలో పడేస్తారు, అంతే.

సుజన ఒక్క లైనుతో పని కానిచ్చేది. సారు వచ్చి వెనక నిలబడేవారు.

"ఈ పెట్టెల ఏదన్న పెట్టొచ్చు. ఎవరినడిగినవ్?"

"భాషనే అట్ల ఇస్తది సార్. ఒక్క లైన్ల అయిపోతది."

"అయిపోతది. అయిపోయినంక ఏమయితది?"

"ఏం గాదు సార్!"

"కాకపోతే మంచిదే. చేతితోని రాయి."

సుజన చేత్తో రాసేది. పదహారు ఏళ్ల సర్వీసున్న గుమస్తాలా లైను కింద లైను రాసి, కళ్లు లాగి, ఈయన నాకు ఉద్యోగం రానివ్వడు అని రోజూ నిశ్చయం చేసుకునేది.

ఆరో నెలలో కృపాకర్ సారు అక్క కొడుకు పెళ్లికని మూడు రోజులు మెదక్ వెళ్లారు. ఆయన మెట్లు దిగారో లేదో శ్రీహరిరావు గారు సుజనను పిలిచారు. ఆయనది కాకినాడ వైపు. మనిషి మంచివాడే, ఓపికే కాస్త తక్కువ.

"చూడమ్మా, ఎదురుగా సోమశేఖర్ గారి షేర్వానీల కొట్టుకి మన కృపాకర్ గారు రాసిన యాప్ ఉంది కదా, కొలతలు కొడితే గుడ్డ తానే తెప్పించేది. నాలుగు వేల లైన్లు! తెరిచి ఒక్క అక్షరం మార్చాలంటే నాకు భయమేస్తోంది. నువ్వు దాన్ని సగానికి తగ్గించగలవా?"

"తగ్గిస్త సార్."

"తగ్గిస్తే ఇంక ఆలోచించేదేం లేదు, ఉద్యోగం ఖాయం చేసేద్దాం."

సుజనకు కాళ్లు నేల మీద నిలవలేదు. యాప్ తెరిచింది. మూడు వందల నలభై జతల గెట్టర్లు, సెట్టర్లు, అన్నీ చేతిరాతే. మొదటిది చూసింది, ఖాళీ. పేరు ఇస్తే పేరు పెడుతుంది, అంతే. రెండోది ఖాళీ. పదోది, ఇరవయ్యోది, అన్నీ అంతే. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలంటారు. ఈమె ఇరవై మెతుకులు పట్టుకు చూసింది. ఇక చాలనుకుని అన్నీ తీసేసి, జతకొక్క లైను చొప్పున పెట్టి, రెండో రోజు సాయంత్రం ఎదురు దుకాణానికి పంపేసింది. నాలుగు వేల లైన్లు పన్నెండు వందలయ్యాయి. శ్రీహరిరావు గారు సమోసాలు తెప్పించారు.

మర్నాడు పదకొండు గంటలకు పత్తర్‌గట్టి ఆగిపోయింది.

నాలుగు తోపుడు బండ్లు వరసగా వచ్చి సోమశేఖర్ గారి కొట్టు ముందు నిలబడ్డాయి. బండి నిండా పట్టు తానులు. వెనక ఆటోలు, ఆటోల వెనక స్కూటర్లు, అందరి చేతులూ హారన్ల మీదే. సోమశేఖర్ గారు ఫోన్‌లో కేకలు వేస్తుంటే శ్రీహరిరావు గారు, సుజన మెట్లు దిగి పరుగెత్తారు.

"రావు గారూ, మీ యాప్‌కు పిచ్చి లేసిందా? పెండ్లికొడుకు, వాళ్ల అన్నదమ్ములు, పదకొండు షేర్వానీలు. నలభై మూడు మీటర్లు తెప్పించాల్సిన యాప్ నాలుగు వందల ముప్పై తెప్పించింది! అసలు గీ కొలత చూడున్రి. పెండ్లికొడుకు ఛాతీ నాలుగు వందల ఇరవై అయిదు ఇంచులు! గాయన మనిషా, చార్మినారా?"

గుమిగూడిన జనం నవ్వారు. ఒకాయన, చార్మినార్‌కైతే చేతులు నాలుగు కుట్టాలె భాయ్ అన్నాడు. సోమశేఖర్ గారు నవ్వలేదు. లోపలికి తిరిగి, "మాస్టర్! ఈ కొలత ఎవరు కొట్టిన్రు?" అని అరిచారు.

మొగులయ్య మాస్టర్ కత్తెర పక్కన పెట్టి బయటికి వచ్చాడు. నలభై ఏళ్లుగా ఆ కొట్టులో కత్తిరించేది ఆయనే. టేపు వేళ్లతో తడిమి కొలత చెప్పగలడు, ఇప్పటిదాకా ఒక్క గుడ్డ పాడుచేయలేదు.

"నేనే కొట్టిన సేటూ. ఎప్పటి లెక్కనే కొట్టిన. సాడే బయాలీస్. నలభై రెండున్నర. నాలుగు, రెండు, అయిదు."

"మరి చుక్క ఏది?"

"ఏ చుక్క?"

"నలభై రెండుకు, అయిదుకు మధ్యల చుక్క!"

మాస్టర్ కొలతలు కొట్టే ట్యాబ్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు. "నేను ఎన్నడూ చుక్క పెట్టలే సేటూ. కొడితే పెట్టెనే 'సాడే బయాలీస్' అని పెద్దక్షరాలల్ల చూపెడుతుండె. నిన్నటి సంది ఏం చూపెడ్తలేదు."

సోమశేఖర్ గారి కళ్లు చిన్నవయ్యాయి. "నీకు ఆ చుక్క కనపడ్తలేదా మాస్టర్? నిజం చెప్పు."

మాస్టర్ మెడలో వేలాడే టేపును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

సుజనకు అప్పుడు వెలిగింది. ఇన్నాళ్లుగా ఈయన చుక్క పెట్టలేదు, ఇన్నాళ్లుగా ఒక్క షేర్వానీ తప్పు పోలేదు. అంటే ఆ చుక్క ఎవరో పెడుతూ వచ్చారు. తాను చూడకుండా తీసేసిన మూడు వందల ఇరవైలో ఎక్కడో ఉంది ఆ చెయ్యి. పక్కన శ్రీహరిరావు గారు, "మాస్టర్ గారే పొరపాటున కొట్టినట్టున్నారు కదమ్మా?" అని దారి చూపిస్తున్నారు. అవునంటే తన ఉద్యోగం ఉంటుంది, మాస్టర్‌ది పోతుంది. దేవుడా, నన్నే ఎందుకు పెట్టినవ్ ఈ నడుమ అనుకుంది సుజన.

"మాస్టర్ తప్పేం లేదు సార్," అంది. "చుక్క పెట్టుడు ప్రోగ్రాం పని. ఆ లైన్లు నేనే తీసేసిన. చూడకుంట తీసేసిన."

సోమశేఖర్ గారు ఆమెను ఎగాదిగా చూసి, మాస్టర్‌ను లోపలికి పోయి పని చూసుకోమన్నారు. గుడ్డ ఇంకా కత్తిరించలేదు కాబట్టి బండ్లను వచ్చిన దారినే పంపారు. "నీ సంగతి సాయంత్రం మాట్లాడదాం" అన్నారు శ్రీహరిరావు గారు. ఆ మాట ఆయన అంత మెల్లగా అనడం సుజన ఎప్పుడూ వినలేదు.

సరిగ్గా ఆ సమయానికి కృపాకర్ సారు బస్సు దిగి, చేతిలో బ్యాగుతో, వెనక్కి మళ్లుతున్న తోపుడు బండ్ల మధ్య నుంచి నడిచొచ్చారు. సుజన ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పి, ఆ రెండు మాటల కోసం తల వంచుకుని నిలబడింది. ఆయన 'ఎవరినడిగినవ్' అనలేదు. ముందు కొట్టులోకి వెళ్లి, "మాస్టర్, చాయ్ తాగినవా?" అన్నారు. తరవాత సుజన వైపు తిరిగారు.

"పాతది నా తాన ఉంది. మళ్ల పెట్టనా?"

"నన్ను అడుగుతున్నరా సార్?"

"ఇప్పుడు ఆ ప్రోగ్రాం నీది కదా. నువ్వు పెట్టుమంటె పెడ్త."

"పెట్టున్రి సార్," అంది సుజన. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పది నిమిషాల్లో మాస్టర్ ట్యాబ్ మీద అరచెయ్యంత అక్షరాలతో 'సాడే బయాలీస్' వెలిగింది.

మధ్యాహ్నం సుజన అన్నం ముట్టకుండా పాత ప్రోగ్రామంతా మొదటి నుంచి చదివింది. ఛాతీ కొలత సెట్టర్ దొరికింది. పక్కన సారు రాసుకున్న మాటలు ఉన్నాయి: "మాస్టర్ కంటికి తెర పట్టింది. సీజన్ అయినంక ఆపరేషన్. అందాక చుక్క మనమే పెట్టాలి. వంద దాటితే రెండంకెల తర్వాత. ఎవరికీ చెప్పొద్దన్నడు."

ఇంకా కిందికి వెళ్లింది. పెళ్లివారి ఆడవాళ్లకు కుట్టే జాకెట్టు కొలతల దగ్గర నడుము గెట్టర్: "తెర మీద వేలు పెట్టి పట్టుకుంటేనే అంకె కనిపించాలి. పక్కన అత్తగారు ఉంటది." సుజన పకపకా నవ్వింది. ఇంకా కింద, ఒక పాత కస్టమర్ ఫోను నంబరు గెట్టర్: "పెద్దాయన పోయిండు. 'మీ షేర్వానీ బిగుతయిందా, రండి' అని పండుగ మెసేజ్ ఆ ఇంటికి పోవద్దు. అడిగితే ఖాళీ ఇవ్వాలి." ఈసారి నవ్వలేదు.

మూడు వందల నలభైలో అలాంటివి నలభై ఉన్నాయి. వాటిలో ఏదీ ఎవరూ అడిగి రాయించుకున్నది కాదు. అడగనిదే బజ్జీ ఇవ్వని మనిషి, ఎవరూ అడగకుండానే ఇంతమంది పరువు కాపాడుతూ కూచున్నాడు. ఆ మనిషినా నేను ఆరు నెలలు తిట్టుకున్నది అని సుజనకు సిగ్గేసింది.

సాయంత్రం శ్రీహరిరావు గారు ఇద్దర్నీ పిలిచారు.

"కృపాకర్ గారూ, మొహమాటం లేకుండా చెప్పండి. ఈ అమ్మాయిని ఉంచమంటారా, వద్దంటారా?"

"ఇప్పుడడిగిన్రు," అన్నారు సారు. సొరుగు తెరిచి ఒక కాగితం తీసి ఇచ్చారు.

రావు గారు పైకి చదివారు. "'సుజన ఉద్యోగం ఖాయం చేయవలసింది. వాదిస్తది. వాదించేటోళ్లు నేర్చుకుంటరు.' తేదీ... ఇదేమిటండీ, ఇది రెండో నెలలో రాశారు!"

"అవును సార్."

"నాలుగు నెలలు సొరుగులో పెట్టుకు కూచున్నారా?"

"మీరు అడగలే."

శ్రీహరిరావు గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఆయన వాలారు గానీ సుజన లేచింది. "నాలుగు నెలలు సార్! నాలుగు నెలలు తిన్నది ఒంటబట్టలే నాకు. రోజూ మళ్ల కౌంటర్ కాడికి పోయినట్టే కలలు. ఒక్క మాట చెప్పొచ్చు గదా!"

ఇరవై ఆరేళ్లలో ఎవరూ కృపాకర్ సారును అలా దొరకబుచ్చుకోలేదు. "గది నా తప్పే," అన్నారు. "మంచి మాట అడిగేదాక ఆపొద్దు. గది నాకు తెల్వలే."

"ఇంకోటి గూడ ఉంది సార్. మూడు వందల నలభైల మూడు వందలు ఖాళీవి. వాటికి చేతిరాత ఎందుకు? అవి భాషకే ఇడిచిపెట్టొచ్చు."

"ఏది ఇడ్వాలె, ఏది రాయాలె? ఎట్ల తెలుస్తది?"

"మిషన్ ఇచ్చిన నంబరయితే మిషన్‌కే వదిలేద్దాం. బిల్లు నంబరు, తేదీ, గవన్ని. మనిషి చేతితోని కొట్టేదయితే మనం చేతితోనే రాద్దాం. మనిషికే గదా కన్ను కనపడకపోయేది, సిగ్గయ్యేది."

సారు రావు గారి చేతిలోని కాగితం చూపించారు. "ఖాయం చెయ్యున్రి సార్," అన్నారు శ్రీహరిరావు గారితో. "అడగకున్నా చెప్తున్న." రావు గారు అక్కడికక్కడే సంతకం పెట్టారు. సుజన ఆ కాగితం రెండు చేతులతో పుచ్చుకుని, తల్లికి ఫోన్ చేసి, ఒక్క మాటే చెప్పగలిగింది. మిగతా మాటలన్నీ చంద్రమ్మే మాట్లాడింది.

మర్నాడు ఇద్దరూ పక్కపక్కన కూచుని ఖాళీ జతలు తీసేయడం మొదలుపెట్టారు. ఈసారి సుజన పద్ధతి తప్పలేదు.

"ఇది తీసెయ్యనా సార్?"

"తియ్."

"ఇది తీసెయ్యనా?"

"తియ్."

"గిది?"

ముప్పై ఒకటోదాని దగ్గర సారు కుర్చీ వెనక్కి జరుపుకుని లేచారు. "ఇగ నన్ను అడగకు. నీకు తెలుసు. నువ్వే చేసుకో." అని చాయ్ తాగడానికి మెట్లు దిగిపోయారు.

సుజన వెంటనే బేబీ గారికి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"ఏందీ? అడగకు అన్నడా? మా ఆయనా? నీకు మంచిగ ఇనపడ్డదా?" బేబీ గారు ఎవరినో కేకేసి గ్యాస్ కట్టేయమన్నారు. "ఉండు బిడ్డా, కూసుంట. ఇగ చెప్పు, ఇంకోసారి మొదటి సంది చెప్పు."